రాడ్ వేసిన కాలి వేళ్లు మైనస్ 20లో మొద్దుబారుతున్నాయి

మిన్నెసోటాలో ఉంటాను. జనవరి చివర్లో జరిగే యారోహెడ్ 135 రేసుకి ఫ్యాట్ బైక్ (మంచులో నడిచే వెడల్పాటి టైర్ల సైకిల్) మీద సిద్ధమవుతున్నాను. ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి మంచు దారిలో 135 మైళ్లు, గడువు 60 గంటలు. యాక్సిడెంట్‌లో కుడి మోకాలి కింద ఎముక విరిగితే లోపల టైటానియం రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది, రక్తప్రసరణ బాగుంది, తొక్కవచ్చు అన్నారు డాక్టర్.

మైనస్ 10 సెల్సియస్ వరకు ఇబ్బంది లేదు. మైనస్ 20 దాటితే గంటన్నరకల్లా కుడి బొటనవేలు, దాని పక్క వేలు మొద్దుబారి తెల్లబడుతున్నాయి. దిగి పది నిమిషాలు బైక్ నెట్టుకుంటూ నడిస్తే స్పర్శ వస్తుంది. మళ్లీ ఎక్కిన అరగంటకు అదే పరిస్థితి. ఎడమ పాదం మాత్రం వెచ్చగానే ఉంటోంది, బూట్లు, సాక్స్ రెండిటికీ ఒకటే అయినా.

బూటును పట్టి ఉంచే క్లిప్ పెడల్స్ తీసేసి ఫ్లాట్ పెడల్స్ పెట్టాను. వేళ్లు కదిలేలా పెద్ద సైజు బూట్లు తీసుకున్నాను. చెమట ఇంకకుండా రెండు సాక్స్ మధ్య ప్లాస్టిక్ కవర్ వేశాను, కొంచెం నయం, అంతే. వేడి ప్యాకెట్లకు బూటు లోపల గాలి అందక త్వరగా చల్లారిపోతున్నాయి. ఫ్రాస్ట్‌బైట్ (చలికి వేళ్లు గడ్డకట్టి దెబ్బతినడం) వస్తుందేమోనని నిజంగా టెన్షన్‌గా ఉంది.

కాల్లో రాడ్ లేదా ప్లేటు ఉండి మైనస్ 20 కంటే తక్కువలో గంటల తరబడి తొక్కినవాళ్లకు, ఆపరేషన్ అయిన వైపు పాదం మొద్దుబారకుండా ఏది పనిచేసింది?