అడ్తిదారును (కమీషన్ ఏజెంటును) తప్పించి మిర్చి అమ్ముకోగలమా?

కూసుమంచి కుర్రాడు:

మాది ఖమ్మం జిల్లా కూసుమంచి దగ్గర. రెండెకరాలు సొంతం, ఎకరంన్నర కౌలు, అంతా తేజ రకం మిర్చే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న సెలవు పెట్టి నాన్నతో ఖమ్మం మార్కెట్‌కి వెళ్లాను. రాత్రే బస్తాలు దించి వాటి మీదే పడుకున్నాం. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, క్వింటాలుకు 13,800 పలికింది. నేను లేచి నిలబడ్డాను. నాన్న కదల్లేదు. "అది ఆ ఒక్క కుప్పకేరా" అన్నాడు.

అన్నట్టే అయింది. సరుకు కొనే ఖరీదుదారు వచ్చి మా బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు పైకి లాగి, ఒకటి విరిచి చూసి, "తేమ ఉంది, 12,000" అన్నాడు. ఆ కాయ గలగలమంటోంది! మా అడ్తిదారు మా తరఫున ఏదో అంటాడని చూశాను. తలూపి ఊరుకున్నాడు.

చేతికొచ్చిన తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, ఇదీ. 22 బస్తాలు, 8 క్వింటాళ్ల 80 కిలోలు, మొత్తం 1,05,600. అడ్తి కమీషన్ 2,112. క్యాష్ కటింగ్ 1,584. హమాలీ, దడ్వాయి, చాట కూలీలన్నీ కలిపి 900. జూన్‌లో అడ్తిదారు దగ్గర అప్పు తెచ్చిన 60,000, దానికి ఎనిమిది నెలల వడ్డీ 9,600. మిగిలింది 31,404.

ఏసీ గదిలో కూర్చుని తలూపినందుకు ఇంత ఇవ్వాలా? ఆన్‌లైన్‌లోనో, కంపెనీలకో నేరుగా అమ్మినవాళ్లు ఉంటే చెప్పండి.

పాత గుమాస్తా:

తమ్ముడూ, పదకొండేళ్లు అడ్తి కొట్లో కూర్చుని ఇలాంటి పట్టీలే రాశాను. నీదాన్ని ఇంకోసారి చదువు. నీ కోపమంతా ఆ 2,112 మీద ఉంది. వడ్డీ దానికి నాలుగింతలు దాటింది. జెండా పాటకీ నీ రేటుకీ తేడా 1,800, అంటే నీ సరుకు మీద 15,840. పోయిందంతా అక్కడే.

అడ్తిదారు చేసే పని కూడా విను. ఖరీదుదారు డబ్బులు పదిహేను రోజులకో నెలకో ఇస్తాడు. నాన్నకి మాత్రం ఆ రోజే చేతిలో పడాలి. ఆ మధ్య రోజుల భారం అడ్తిది. దాని పేరు చెప్పే క్యాష్ కటింగ్ కోస్తారు. రూల్ ప్రకారం అది కోయకూడదు, అయినా కోస్తారు. ఖరీదుదారు మునిగితే మునిగేదీ అడ్తే. మా కొట్లో ఒకసారి మునిగింది కూడా, మూడు నెలలు నాకు జీతం లేదు.

తలూపడం మాత్రం నిజంగా తప్పే. ఖరీదుదారు ఆయనకి రోజూ కనపడేవాడు, నువ్వు ఏడాదికి నాలుగుసార్లు వచ్చేవాడివి. ఎవరితో చెడగొట్టుకుంటాడు?

గుంటూరు వైపు నుంచి:

2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయి, మా ఆంధ్ర మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 ప్రకటించింది చూడండి, ఆ సీజన్లోనే నేను మీలాగే ఆలోచించాను. కల్లం దగ్గరికే వచ్చిన ఒక బయటి రాష్ట్రం పార్టీకి 12,500కి ఇచ్చాను. కమీషన్ లేదు, కటింగ్ లేదు, లారీ కూడా వాళ్లదే. మా ఆవిడ వాళ్లకి భోజనం కూడా పెట్టింది. సగం డబ్బు అప్పుడే అకౌంట్‌లో పడింది. మిగతా సగానికి ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. యార్డులో అయితే అడ్తి కొట్టు ముందు కూర్చుని అడిగేవాణ్ని. ఇప్పుడు ఎక్కడ కూర్చోను?

పాత గుమాస్తా:

తమ్ముడూ, నువ్వడిగిన ఆన్‌లైన్ అంటే కేంద్రం పెట్టిన ఈ-నామ్ మార్కెట్, అది 2016లో వచ్చింది. రేటు కంప్యూటర్లో వేసినా కాయ విరిచి చూడందే ఎవరూ వెయ్యరు. ముందు అప్పు సంగతి చూడు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 7 శాతం, గడువులోపు కడితే 4. మీ 60,000కి ఎనిమిది నెలలకి 7 శాతం లెక్కన 2,800 అవుతుంది. అడ్తికి బాకీ లేని రైతు "ఈ రేటుకి ఇవ్వను" అని బస్తా మూతి కట్టేసి కోల్డ్ స్టోరేజీకి తోలుకుపోగలడు. బాకీ ఉన్నవాడు మూతి కట్టలేడు.

కూసుమంచి కుర్రాడు:

అన్నా, నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. నల్లతామర పురుగు వచ్చి చేను మొత్తం మాడిపోయిన ఏడు, అక్క కాన్పు టైమ్‌లో రాత్రి పదకొండింటికి 40,000 ఇచ్చింది ఆ అడ్తిదారేనట. కాగితం కూడా రాయించుకోలేదట. నాకు ఈ సంగతే తెలియదు.

బ్యాంకుకి వెళ్లొచ్చాం. కౌలు చేను లెక్కలోకి రాదన్నారు, సొంత రెండెకరాలకి కార్డు ఇస్తారట. వచ్చే జూన్‌లో అడ్తి దగ్గర సగమే తెద్దాం అని నాన్నని ఒప్పించాను. ఆ మాట అడ్తిదారుతో ఎవరు చెప్పాలన్న దగ్గర ఆగింది. నాన్న నన్ను చెప్పమంటున్నాడు.