కర్నూలు కాలేజీలో నమూనా ఐరాస: భద్రతా మండలి పెట్టాలా, నదీ జలాలు పెట్టాలా?

పౌరశాస్త్రం_మేడమ్ (కర్నూలు)
మా కాలేజీలో వచ్చే నెల రెండు రోజులు నమూనా ఐక్యరాజ్య సమితి పెడుతున్నాం. ఒక్కొక్కరికి ఒక దేశం ఇస్తాం. ఆ దేశం తరఫున మాట్లాడాలి, బేరాలాడాలి, చివరికి తీర్మానం రాసి ఓటేయాలి. 36 మంది పేర్లిచ్చారు. కమిటీ ఏది అన్న దగ్గరే ఆగిపోయాం. పిల్లలంతా భద్రతా మండలే కావాలంటున్నారు, నేను ఒప్పుకోవడం లేదు.

నేను అనుకున్నది సర్వప్రతినిధి సభలోని ఆరో కమిటీ, అంటే న్యాయ వ్యవహారాలు చూసే కమిటీ. అంశం 1997 నాటి అంతర్జాతీయ నదీ జలాల ఒప్పందం. దానిలో ఐదో అధికరణం నదిని పంచుకునే దేశాలు న్యాయంగా, సబబుగా వాడుకోవాలంటుంది. ఏడోది పక్క దేశానికి పెద్ద నష్టం చేయకూడదంటుంది. ఎగువ దేశం ఐదోదాన్ని పట్టుకుంటుంది, దిగువ దేశం ఏడోదాన్ని. తుంగభద్ర ఒడ్డున పుట్టిన పిల్లలకు దీన్ని విడమరచి చెప్పాలా? 2024 ఆగస్టులో డ్యామ్ పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు వీళ్ల ఇళ్లల్లో వారం రోజులు ఇదే మాట కదా. మీరేమంటారు?

అనంత_టు_బెంగళూరు
మేడమ్, అనంతపురంలో చదివేటప్పుడు మూడుసార్లు డెలిగేట్‌గా వెళ్లాను, రెండుసార్లు చైర్‌గా కూర్చున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నా, మొదటిసారి వచ్చేవాళ్లకు భద్రతా మండలే పెట్టండి. పదిహేను దేశాలు. తీర్మానం గెలవాలంటే తొమ్మిది ఓట్లు రావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కటి కూడా వ్యతిరేకంగా ఓటేయకూడదు. ఈ ఒక్క రూలు చాలు, పిల్లలు కుర్చీల్లో కూర్చోరు, ఒకరి దగ్గరికి ఒకరు పరిగెత్తుతారు. దేశానికి ఇద్దరు చొప్పున ముప్పై మంది, మిగతా ఆరుగురు చైర్, రిపోర్టర్లు. లెక్క కూడా సరిపోయింది.

మీ ఆరో కమిటీలో మధ్యాహ్నం అన్నం తిన్నాక అధికరణాలు చదివితే చైర్ కూడా నిద్రపోతాడు. కోపం తెచ్చుకోవద్దు.

కడప_పాత_మాస్టారు
కాలు మీద కాలేసుకుని చెయ్యెత్తితే పని ఆగిపోతుంది, ఇదేనా అబ్బీ మనం పిల్లలకు నేర్పేది? ఒకచోట ఇట్లాంటి దానికి నన్ను జడ్జిగా పిలిచారు. రష్యా తరఫున కూర్చున్న అబ్బాయి వచ్చిన ప్రతి ముసాయిదానూ వీటో చేసినాడు, బెస్ట్ డెలిగేట్ బహుమతి వానికే. చిన్న దేశం పడిన ఒక అమ్మాయి రెండు రోజుల్లో మాట్లాడింది రెండు నిమిషాలు. నోట్‌బుక్ నిండా రాసుకొచ్చింది పాపం. ఆ బహుమతి కాగితం మీద నేనూ సంతకం పెట్టినా, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకొకటి. అంశం ఏదైనా కానీ, ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాళ్లదే రాజ్యం. ఐరాసకు అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. సర్వప్రతినిధి సభలో ఇంకో భాషలో మాట్లాడాలన్నా అడ్డు లేదు, తర్జుమా ఏర్పాటు ఆ దేశమే చూసుకోవాలి. 1977లో విదేశాంగ మంత్రిగా వాజపేయి అక్కడ హిందీలోనే మాట్లాడారు. మన పిల్లలు తెలుగులో మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్లు ఇంగ్లీషులో చెప్పొచ్చు. తర్జుమాకూ మార్కులేయండి.

ఒక_తండ్రి (కర్నూలు)
మా అమ్మాయి అదే కాలేజీ. అంశం మంచిదే, కానీ నదీ జలాలంటే సింధు రాకుండా పోతుందా? పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్‌లో, 1960 నాటి సింధు ఒప్పందం అమలును మన దేశం ఆపేసింది. పాకిస్తాన్ ప్లకార్డు ఎవరి బిడ్డ ముందు పెడతారు? ఆ పిల్ల తన దేశం పాత్ర బాగా చేస్తే ముప్పై సెకన్ల వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది. ముందూ వెనకా కత్తిరించి ఉంటుంది. చూసేవాళ్లకు అది నమూనా సభ అని ఎవరు చెప్తారు? నాకు టెన్షన్ ఉందండీ, దాచుకోను.

పౌరశాస్త్రం_మేడమ్
మాస్టారూ, తెలుగు సంగతి ఒప్పుకున్నాను. ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతా.

సింధు గురించి చెప్పినవారికి: నిజమే, నేను అంత దూరం ఆలోచించలేదు. చర్చను నైలు నదికి కట్టేస్తాను. ఇథియోపియా బ్లూ నైలు మీద కట్టి 2025 సెప్టెంబరులో ప్రారంభించిన డ్యామ్ సామర్థ్యం 7,400 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 2,600 టీఎంసీలకు పైనే. శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు. ఈ పోలిక చెప్పగానే క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి.

ఇక నిద్ర విషయం. 1997లో ఓటింగ్ ఎట్లా జరిగిందో చూడు బాబూ: అనుకూలం 103, వ్యతిరేకం 3, తటస్థం 27. ఎగువనున్న ఇథియోపియా తటస్థం, దిగువనున్న ఈజిప్టూ తటస్థమే! ఎందుకో రెండు వైపులా వాదించమంటే ఎవరైనా నిద్రపోతారా? ఒప్పందం అమల్లోకి రావడానికి 2014 దాకా పట్టింది. మన దేశం కూడా ఆ రోజు తటస్థమే, ఇప్పటికీ చేరలేదు.

అయినా నీ మాట పూర్తిగా తీసేయను. ఈ డ్యామ్ గొడవ 2021 జులైలో భద్రతా మండలికి వెళ్లింది. మొదటి రోజు ఆరో కమిటీ, రెండో రోజు ఆ మండలి సమావేశం. పదిహేను సభ్యదేశాలు, ఆహ్వానం మీద వచ్చిన ఇథియోపియా, ఈజిప్టు, సూడాన్. మొత్తం పద్దెనిమిది, ఇద్దరేసి చొప్పున ముప్పై ఆరు. చైర్లుగా సీనియర్లను కూర్చోబెడతా. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో.

అనంత_టు_బెంగళూరు
మేడమ్, ఇది మోసం. ఆ గొడవను మండలి చివరికి ఆఫ్రికన్ యూనియన్ దగ్గరికే పంపించింది. వీటో పడని భద్రతా మండలి ఏం మండలి? కానీ లెక్క బాగా కుదిరింది, ఒప్పుకుంటా. ఆ శనివారం వస్తాను, చైర్‌గా కాదు, చూడటానికి.

సెకండియర్_బీఏ
మేడమ్, లిస్టు చూశాను. మొదటి రోజు నాకు బురుండి వచ్చింది. దయచేసి మార్చండి. మ్యాప్‌లో వెతుక్కోవడానికే ఐదు నిమిషాలు పట్టింది. మాస్టారు చెప్పిన ఆ అమ్మాయి గతే నాకూ పడుతుంది.

పౌరశాస్త్రం_మేడమ్
1997లో వ్యతిరేకంగా ఓటేసిన ముగ్గురు ఎవరో తెలుసా? చైనా, టర్కీ, బురుండి. నైలుకు ఎగువన ఉంది మీ దేశం. ఇప్పుడు చెప్పు, మార్చమంటావా?

సెకండియర్_బీఏ
వద్దు మేడమ్. టర్కీ ఎవరికి వచ్చిందో వాళ్ల నంబర్ పంపిస్తారా?