అమ్మాయి వెన్ను వంపు: ఒక పక్క ఉబ్బెత్తుగా ఉన్నది కండరమేనా?

ప్రశ్న (రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి):

మా అమ్మాయికి 13 ఏళ్లు. వేసవిలో ఓణీల వేడుకకు జాకెట్టు కొలతలు తీస్తున్న దర్జీ, టేపును ఒక భుజం మీంచి రెండో భుజం మీదకు మార్చి మార్చి చూసి, “అమ్మా, రెండు పక్కలా కొలత కలవడం లేదండి” అన్నారు. ఇంటికి వచ్చి ముందుకు వంగమంటే వీపు కుడివైపు గట్టుకట్టినట్టు లేచింది. ఎక్స్‌రేలో ఛాతీ భాగపు వెన్ను కుడివైపుకు వంగిందనీ, వంపు ఎంతుందో చెప్పే కాబ్ కోణం 22 డిగ్రీలనీ తేలింది. రెండేళ్లుగా పుస్తకాల సంచిని ఒకే భుజానికి తగిలించుకొని కాలవగట్టు మీద సైకిలు తొక్కుతుంటే వద్దనలేదని నా మనసు కుదుటపడటం లేదు. కుడిపక్క కండ బలిసి వెన్నును లాగేస్తోందా? నూనె మర్దనతో మూడు నెలల్లో సరిచేస్తామని ఒకరు అంటున్నారు.

జవాబు (ఫిజియోథెరపిస్టు, కాకినాడ):

అమ్మా, సంచి విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. దానివల్ల భుజం నొప్పి పుట్టవచ్చు గానీ వెన్నుపూసలు ఇలా మెలితిరగవు. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి 10 డిగ్రీలు, అంతకు మించిన వంపు ఉంటుంది. వారిలో అత్యధికులకు కారణం ఇదీ అని చూపలేము.

మీ చేతికి తగిలే ఉబ్బు ప్రధానంగా కండ కాదు. పూసలు పక్కకు వంగుతూనే తమ చుట్టూ తాము తిరగడంతో, వాటిని పట్టుకొని ఉన్న పక్కటెముకలు ఆ వైపు వెనక్కి పొడుచుకొస్తాయి. అయినా కండరాల్లో తేడా నిజమే. వంపు బయటివైపు, అంటే మీ అమ్మాయికి కుడివైపు, వెన్నును ఆనుకొని ఉన్న కండరాల్లో విద్యుత్ సంకేతాలు తరచుగా హెచ్చుగా నమోదవుతాయి. శస్త్రచికిత్సలో తీసిన కండరపు ముక్కలను పరిశీలించినప్పుడు, నెమ్మదిగా ముడుచుకొని త్వరగా అలసిపోని తంతువుల వాటా బయటివైపు ఎక్కువగానూ లోపలివైపు తక్కువగానూ కనబడింది. లోపలివైపు కండరంలో కొవ్వు చేరడం కూడా ఎమ్మారై పరీక్షల్లో హెచ్చుగా కనిపిస్తుంది. వెదురుబద్దకు ఒక పక్క తాడు బిగిస్తే విల్లులా దాని ఉబ్బు రెండో పక్కకే కదా తిరుగుతుంది. కుడి కండ లాగుతున్నట్లయితే వంపు ఎడమకు తిరగాలి. కాబట్టి అది వంపును పెంచడం లేదు, పెరగకుండా పట్టి ఉంచేందుకు శ్రమిస్తున్నదనే నేను భావిస్తాను. ఈ తేడా ముందా, వంపు ముందా అన్న చర్చ మాత్రం శాస్త్రంలో నేటికీ తెగలేదు.

జవాబు (పాలకొల్లు నుంచి ఒక అక్క):

అమ్మా, ఆ మర్దన మాటకు నెలలు పోగొట్టుకోవద్దండి. నా 12వ ఏట మా ఇంట్లో ఎనిమిది నెలలు అదే నమ్మారు; ఈలోగా నేను ఎత్తు పెరిగాను, నాతోపాటు వంపూ పెరిగింది. ఆ తర్వాత బ్రేసు (వెన్నును పట్టి ఉంచేలా ఒంటికి తొడిగే గట్టి పట్టీ) వేశారు. మన ఉక్కపోతలో అది కష్టమే, కానీ లోపల కుట్లు ఒత్తుకోని పలుచని నూలు బనియను వేసుకొని, తడిసినప్పుడల్లా మార్చుకొంటూ, రోజూ రాత్రి నడుము దగ్గర చర్మం కందిందేమో అమ్మ చేత చూపించుకొంటూ రెండేళ్లు గడిపాను.

మళ్లీ అడుగుతున్నాను (ప్రశ్న వేసిన తల్లి):

అయితే మా అమ్మాయికీ ఇప్పుడే బ్రేసు వేయించాలా? పెద్దమనిషై ఆరు నెలలే అయింది.

జవాబు (ఫిజియోథెరపిస్టు, కాకినాడ):

ఆ ఆరు నెలల మాటే ఇక్కడ కీలకం, ఎందుకంటే ఆమెకు ఎదుగుదల ఇంకా మిగిలి ఉంది. సాధారణంగా ఎదుగుతున్న పిల్లల్లో కోణం 25 డిగ్రీలు దాటితే బ్రేసు సూచిస్తారు. 2013లో వెలువడిన అమెరికా అధ్యయనంలో బ్రేసు వేసుకొన్న వారిలో నూటికి 72 మందికి, కేవలం గమనింపులో ఉంచిన వారిలో 48 మందికి వంపు శస్త్రచికిత్స దాకా పోలేదు; రోజుకు 13 గంటలకు మించి ధరించిన వారికి ఫలితం మరింత మెరుగ్గా ఉంది. 22 డిగ్రీల వద్ద నాలుగు నుంచి ఆరు నెలల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించండి, పాత ఫిల్మును తప్పక వెంట తీసుకువెళ్లండి. ఈలోగా ష్రాత్ పద్ధతి తెలిసినవారి దగ్గర, వంపును బట్టి ఊపిరితిత్తులను నింపుతూ వెన్నును నిడుపు చేసే వ్యాయామాలు నేర్పించండి. ఎడమ పక్కకు మాత్రమే బరువులెత్తించడం వద్దు. సైకిలు మానిపించవలసిన పని లేదు.