పాలున్ విరిగెనా, పాలును విరిగెనా?

నెల్లూరు కోడలు
నిన్న మా ఇంట్లో జరిగింది ముందు చెప్పాలి, లేకపోతే నా సందేహం మీకు అందదు. మా ఆయనకు షటిల్ అంటే ప్రాణం. నిన్న కాలనీ టోర్నమెంటులో మొదటి ఆటలోనే ఓడిపోయి, ఎనిమిదిన్నరకల్లా బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశారు. సరిగ్గా అప్పుడే స్టవ్ మీద పాలు విరిగాయి. రాత్రి తోడు వేసిన గరిటె పొరపాటున పాలగిన్నెలోకి వెళ్ళినట్టుంది. మా అత్తయ్య ఆ గిన్నెను పమిటచెంగుతో పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. ఒకసారి గిన్నెలోకి చూశారు, ఒకసారి కొడుకు ముఖం చూశారు. "పసులు విరిగె తిక్కా, పాలు విరిగె" అన్నారు. షూ లేసులు విప్పుకుంటున్న మనిషి అక్కడే గోడకు ఆనుకుని ఒకటే నవ్వు. రెండు గంటలుగా బిగుసుకుని ఉన్న ముఖం అది!

అత్తయ్య పుట్టిల్లు కోవూరు. వాళ్ళ నాన్నగారి నోట చిన్నప్పుడు విన్న పద్యమట. ముందు పాదాలు గుర్తుకు రాలా. యుద్ధంలో వెన్నిచ్చి ఇంటికొచ్చిన నెల్లూరు వీరుడు ఖడ్గ తిక్కనను తల్లి అన్నం దగ్గర దెప్పే చాటువని, అంటే నోటి మీద తిరిగే విడి పద్యమని నాకూ తెలుసు. కానీ అత్తయ్య చదివినట్టు చదివితే చివర ఏదో అక్షరం తగ్గినట్టు నా చెవికి తోస్తోంది. 'పాలు విరిగె' కాదు కదా? 'పాలున్'? 'పాలును'? నిన్నటి నుంచీ అంట్లు తోముతున్నా అదే, దీపం పెడుతున్నా అదే.

పెన్నగట్టు
అమ్మా, మీ చెవి నిజమే చెప్పింది. నాకు నోటికి వచ్చిన పాఠం ఇది:

అసదృశముగ నరివీరుల
పసమీరగ గెలువలేక పందక్రియ నీ
వసి వైచి విరిగి వచ్చిన
పసులున్ విరిగినవి తిక్క! పాలున్ విరిగెన్

పాలున్. పొల్లు నకారం. సందేహమే లేదు.

కనిగిరి మాస్టారు
సందేహం లేదని అంత గట్టిగా అనకండి. నేను నేర్చుకున్నది 'పాలును విరిగెన్'. గణాలు వేసి చూడండి. 'పాలున్' అంటే రెండు గురువులు, 'పాలును' అంటే గురువు, రెండు లఘువులు. నాలుగు మాత్రలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. కందం రెంటినీ ఒప్పుకుంటుంది. ఛందస్సు తీర్పు చెప్పని చోట చెవే చెప్పాలి. తల్లి కొడుకుతో మాట్లాడుతోంది. 'పాలును' అంటే ఆ మాట మెల్లగా జారుతుంది. అన్నం ముందు కూర్చున్న కొడుకుతో తల్లి గొంతు అలాగే ఉంటుంది.

పెన్నగట్టు
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. అదే పాదంలో ముందు 'పసులున్' అని ఉంది. దానికి జోడీగా 'పాలున్' ఉంటేనే అందం. పసులున్, పాలున్. రెండుసార్లు గడపకు కాలు తగిలినట్టు ఆగుతుంది. ఆమె ముద్దు చేయడం లేదు, దెప్పుతోంది.

ఒంగోలు అక్క
ఇద్దరూ 'న్' దగ్గరే కూర్చున్నారు, దాని అర్థం దగ్గరకు రండి. ఆ నకారం 'కూడా' అని చెబుతోంది. పద్యంలో విరగడం మూడుసార్లు ఉంది. కత్తి పడేసి 'విరిగి వచ్చిన' కొడుకు మొదటివాడు. అతని పక్కన ఏ 'ఉన్' లేదు. తర్వాత పసులూ విరిగాయి, పాలూ విరిగాయి. అంటే లెక్క కొడుకుతోనే మొదలైంది, తక్కినవి అతని వెనక వచ్చాయి. "నువ్వు విరిగావు కాబట్టే" అని ఆమె ఎక్కడా అనలేదు. ఆ మాటంతా నకారంలోనే ఉంది. కోడలమ్మ అత్తగారు 'పాలు విరిగె' అని చదివితే ఆ 'కూడా' పోతుంది, వట్టి వంటింటి వార్త మిగులుతుంది.

ఇంకొకటి. 'విరిగినవి' అని పసులకు, 'విరిగెన్' అని పాలకు ఎందుకు పెట్టాడు? నాకు తోచింది చెబుతున్నాను. పసులు ముందే విరిగి ఉన్నాయి, అది జరిగిపోయిన సంగతి. పాలు ఇప్పుడే, ఆమె వడ్డించబోతుంటే విరిగాయి. 'విరిగెన్' అన్నప్పుడు గిన్నె ఆమె చేతిలోనే ఉంది.

కనిగిరి మాస్టారు
అది గణం కోసం వచ్చిన తేడా కావచ్చమ్మా. 'విరిగెను' పాత తెలుగులో అదికీ అవికీ చెల్లుతుంది. కానీ గిన్నె చేతిలోనే ఉందన్న మాట బాగుంది, రాసిపెట్టుకుంటాను.

పొదలకూరు తోట
నేను పద్యాల మనిషిని కాను, నిమ్మతోట మనిషిని. కానీ ఈ 'విరుగు' మాట మా నోట రోజూ ఉంటుంది. కొమ్మ విరిగిందంటే ఏడుపు. చెట్టు విరగకాసిందంటే పండగ. కాపు బరువుకు కొమ్మ విరిగేటంత కాయడం అన్నమాట. మందు కొట్టేటప్పుడు విషం తగిలితే విరుగుడు కోసం పరిగెత్తుతాం. మనిషి మీద మనసు విరిగితే దానికి మాత్రం విరుగుడు లేదు. ఒకే మాటకు ఇన్ని ముఖాలు ఉండబట్టే ఆ తల్లి అంత సులువుగా మూడింటినీ కలిపి కుట్టింది. యుద్ధంలో సేన విరగడం పెద్ద మాట, పాలు విరగడం ఇంటి మాట. రెంటికీ తెలుగులో ఒకే క్రియ ఉంది, అదీ మన అదృష్టం.

అన్నట్టు, విరిగిన పాలు పారబోయకండి. సగం చెక్క నిమ్మరసం పిండితే మిగిలింది కూడా పూర్తిగా విరుగుతుంది. గుడ్డలో వేసి నీళ్ళు పిండేసి, పంచదార వేసి సన్నమంట మీద దగ్గరికి రానివ్వండి. మా ఇంట్లో పిల్లలు పాలు ఎప్పుడు విరుగుతాయా అని చూస్తుంటారు.

ఒంగోలు అక్క
తోట అన్నా, ఇన్నాళ్ళకు నిఘంటువులో లేని మంచి వివరణ విన్నాను.

కనిగిరి మాస్టారు
ఇక 'పసులు' సంగతి. ఇక్కడ నాకు గట్టి పట్టింపు ఉంది. చాలామంది దీన్ని ఇంటి దొడ్లో ఆవులు బెదిరి వెనక్కి తిరిగాయని చెబుతారు. నేను ఒప్పుకోను. ఆ యుద్ధం దేనికి వచ్చింది? పుల్లరికి, అంటే మేత పన్నుకు. కరువులో గొల్లల నాయకుడు కాటమరాజు మందలు నెల్లూరు రాజు బీళ్ళలోకి మేతకు వచ్చాయి, పుల్లరి దగ్గర మాట పెడసరమైంది. కాబట్టి ఈ పసులు యుద్ధానికి కారణమైన పసులే. అవి చేజారిపోయాయని తల్లి అంటోంది. మా వైపు గొల్లసుద్దులు రాత్రంతా వింటూ పెరిగినవాణ్ణి నేను. మాకు కథానాయకుడు కాటమరాజు, తిక్కన ఎదుటి పక్షం. మా కథలో పసులు విరగలేదు, నిలబడ్డాయి.

పెన్నగట్టు
అలాగైతే మాస్టారూ, మీ పసులు నిలబడ్డాయి కాబట్టే మా తిక్కన విరిగాడు. ఒకే యుద్ధాన్ని రెండు గట్ల మీద నుంచి చూస్తున్నాం. కానీ తల్లి వంటింట్లోంచి మాట్లాడుతోంది. వంటింటికి బీడు కనిపించదు, దొడ్డి కనిపిస్తుంది. పాల పక్కన చెప్పిన పసులు పాలిచ్చే పసులే అయి ఉండాలి. దూడ దగ్గరకు రానివ్వకపోయినా, ఆవు బెదిరినా చేపు రాదని, అంటే పొదుగులోకి పాలు దిగవని పల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

ఒంగోలు అక్క
మా ఊరి గిత్తల పేరు దేశమంతా తెలుసు కాబట్టి ఆవుల సంగతి నాకు వదిలేయండి. బెదిరిన ఆవు పాలు ఎగబిగుస్తుంది. కానీ ఆ పాలు విరగవు. విరగడం గిన్నెలో జరిగే పని. కాబట్టి మాస్టారి మందలూ, పెన్నగట్టు గారి దొడ్డీ రెండూ ఉండనివ్వండి. శ్లేష అంటేనే రెండూ ఉండటం.

అయినా మీరందరూ అత్తగారి పద్యం పట్టుకుని కోడలి పద్యం వదిలేశారేం? ఆ ఇంట్లో మొదట మాట్లాడింది తిక్కన భార్య చానమ్మ. మొగుడు స్నానానికి వస్తే నీళ్ళ దగ్గర మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద ఉంచింది.

పగరకు వెన్నిచ్చినచో
నగరే నిను మగతనంపు నాయకులెందున్
ముగురాడువార మైతిమి
వగపేటికి జలకమాడ వచ్చిన చోటన్

"ముగురం ఆడవాళ్ళమయ్యాం, బాధెందుకు?" అని. అత్త, తను, మొగుడు. నాకు ఇందులో ఇష్టమైనది 'వగపేటికి'. దెప్పుతూనే "బాధపడకు" అంటోంది. ఇన్నేళ్ళ కాపురం చేశాక ఆ గొంతు నాకు బాగా తెలుసు. పసుపుముద్ద పెట్టిన చెయ్యే నీళ్ళు కూడా కాచి పెట్టింది కదా. అలిగి తలుపు వేసుకోలేదు.

పెన్నగట్టు
అక్కా, 'వగపు' ఇక్కడ సిగ్గా, దుఃఖమా? నేను దుఃఖం అనే చదువుకున్నాను.

ఒంగోలు అక్క
దుఃఖమే. అందుకే నాకు ఇష్టం. సిగ్గుపడకు అనడం ఎగతాళి, బాధపడకు అనడం కాపురం.

పెన్నగట్టు
ఇక నన్ను ఆపకండి, కవి తిక్కన దగ్గరకు వెళ్ళాలి. ఖడ్గ తిక్కనా, కవి తిక్కనా అన్నదమ్ముల పిల్లలు. ఒకరు కత్తి పట్టారు, ఒకరు గంటం. విరాటపర్వంలో ఉత్తరుడి ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఈ ఇల్లే కనిపిస్తుంది. అంతఃపురం ఆడవాళ్ళ మధ్య కూర్చుని కోతలు కోస్తాడు. ఆడపిల్లలు బొమ్మలకు కట్టడానికి కౌరవుల మేలైన బట్టలు తెమ్మంటారు. తీరా సేనను చూడగానే రథం దూకి పరుగు. వెంటపడి పట్టుకుని వెనక్కి తెచ్చేది ఎవరు? ఆడవేషంలో ఉన్న బృహన్నల. వెన్నిచ్చిన మగవాణ్ణి ఆడవాళ్ళ మాట నిలబెట్టడం రెండు చోట్లా ఉంది. ద్రౌపది కూడా అంతే, అర్ధరాత్రి వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపుతుంది. సభలో అడిగితే న్యాయం దొరకలేదు, వంటింట్లో అడిగింది. పదిహేను పర్వాలు రాసిన మహానుభావుడికి వంటింటి గొంతు ఎంత బాగా తెలుసో! ఆ గొంతు ఆయన తన బంధువుల ఇళ్ళలోనే విన్నాడని నా నమ్మకం. రంగనాయకులస్వామి గుడి వెనక పెన్న ఒడ్డున సాయంత్రం కూర్చుంటే ఇదే ఆలోచన వస్తుంది నాకు.

కనిగిరి మాస్టారు
నమ్మకం బాగుంది, రుజువు అడగను. కానీ వరస తిరగేసి కూడా చూడొచ్చు. ఉత్తరుడి కథ ఊరంతా విన్నాక, ఆ వాసనతోనే ఎవరో ఈ చాటువులు అల్లి ఉండవచ్చు. చాటువుకు పుట్టుకరోజు ఉండదు.

పెన్నగట్టు
ఎవరు అల్లినా నెల్లూరు వంటింట్లోనే అల్లారు. అది మాత్రం వదులుకోను.

పాత అచ్చు
ఆలస్యంగా వచ్చాను. అందరూ 'విరిగె' అని మామూలు రేఫతో రాస్తున్నారు. అది విఱుగు, బండి ఱ. 'విఱిగెన్' అని ఉండాలి. మా తాతగారి పుస్తకంలో విఱుచు, విఱుగు అన్నీ బండి ఱతోనే చూశాను. ప్రాసలో పడి ఉంటే తేలిపోయేది కానీ ఇక్కడ ప్రాస సకారం. అస, పస, వసి, పసు.

కనిగిరి మాస్టారు
ఒప్పుకుంటున్నాను. 'పసులు న్విఱిగినవి' అని పొల్లును ముందుకు అంటించి అచ్చువేసేవారు కూడా. పిల్లలు 'న్విరి' ఏమిటని అడిగేవాళ్ళు.

పొదలకూరు తోట
'నీవసి వైచి' అంటే? నీ వసి, అంటే నీ పదును పారేసి అనుకున్నాను ఇప్పటిదాకా.

పెన్నగట్టు
నీవు + అసి. అసి అంటే కత్తి. కత్తి పారేసి.

పొదలకూరు తోట
పదును పారేసి అన్నా నాకు బాగానే ఉంది అన్నా.

నెల్లూరు కోడలు
అందరికీ దండాలు. ఉదయం నుంచి ఇవన్నీ అత్తయ్యకు చదివి వినిపిస్తున్నాను. చానమ్మ పద్యం దగ్గర ఒంగోలు అక్క మాట విని, "ఆ అమ్మాయి ఎవరో కాపురం తెలిసిన మనిషి" అన్నారు. తర్వాత పద్యం ఇంకోసారి చదవమని అడిగాను. ఈసారి ఫోన్ దగ్గర పెట్టి విన్నాను. ఆవిడ 'పాలు' అనడం లేదు, 'పాలున్' అనడం లేదు, 'పాలును' అనడం లేదు. 'పాలూ విరిగె' అంటున్నారు, లూ దగ్గర సాగదీసి. నిన్న గిన్నె చప్పుడులో నేనే సరిగ్గా వినలేదు. కూరగాయల బండి దగ్గర "వంకాయలూ ఇవ్వు, బెండకాయలూ ఇవ్వు" అన్నప్పటి దీర్ఘమే అది. మాస్టారూ, పాలూ అంటే రెండు గురువులే కదా, గణం సరిపోతుందా?

కనిగిరి మాస్టారు
సరిపోతుంది తల్లీ. ఇప్పుడు మూడు పాఠాలయ్యాయి.

పెన్నగట్టు
దీర్ఘం నేటి వాడుక. పద్యంలో పాలున్ అనే ఉండాలి.

ఒంగోలు అక్క
'కూడా' పోలేదు కాబట్టి అత్తగారి పాఠానికే నా ఓటు. 'విరిగె' చివర నకారం ఉందా లేదా, అది కూడా విని చెప్పు.

నెల్లూరు కోడలు
అడుగుతాను అక్కా. ఇప్పుడు ఆవిడ జొన్నవాడ వెళ్ళడానికి తయారవుతున్నారు. కామాక్షమ్మకు పాలు పట్టుకెళ్ళాలని రెండుసార్లు కాచి చూశారు. తోట అన్నా, నిన్నటి పాలు మీరు చెప్పినట్టే చేశాను. మా ఆయన ఓడిన సంగతి మరిచిపోయి గిన్నె ఊడ్చి తిన్నారు. వచ్చే ఆదివారం డబుల్స్ ఉందట.

పాత అచ్చు
'తిక్క' తర్వాత పాదం మధ్యలో సంబోధన చిహ్నం ఉండాలా, అక్కర్లేదా? ఎవరూ చెప్పలేదు.