రెసిడెంట్ ఈవిల్: మొదటి స్థానం నాలుగో భాగానికా, 2002 రీమేక్‌కా?

పాత జాయ్‌స్టిక్:
రెసిడెంట్ ఈవిల్ అనే భయానక వీడియో గేమ్ సిరీస్‌లోని ఆటలకు ఎవరు వరుస పెట్టినా మొదట నాలుగో భాగమే ఉంటుంది. నా వరుసలో ఉండదు. ముందు జాబితా చెప్పేస్తాను, తర్వాత తిట్లు తింటాను. ఒకటి మొదటి భాగానికి 2002లో వచ్చిన రీమేక్, రెండు 2019లో వచ్చిన రెండో భాగం రీమేక్, మూడు ఏడో భాగం, నాలుగు 2005 నాటి నాలుగో భాగం, అయిదు 1998 నాటి అసలు రెండో భాగం. అట్టడుగున ఆరో భాగం. మధ్యలో మిగిలినవాటి మీద నాకు పట్టుదల లేదు.

1996లో ప్లేస్టేషన్ మీద దర్శకుడు షింజి మికామి బృందం మనల్ని భయపెట్టింది జాంబీలతో కంటే లెక్కలతోనే. మనం ఆడే రెండు పాత్రల్లో క్రిస్ దగ్గర వస్తువులకు ఆరు గడులు, జిల్ దగ్గర ఎనిమిది. సేవ్ చేయాలంటే టైప్‌రైటర్‌కు ఇంక్ రిబ్బన్ కావాలి, రిబ్బన్లేమో వేళ్ల మీద లెక్కపెట్టుకునేన్ని. గేమ్‌క్యూబ్ అనే గేమింగ్ యంత్రం కోసం అదే ఆటను 2002లో మళ్లీ తీసినప్పుడు మికామి ఆ లెక్కను ఇంకా బిగించాడు. పడగొట్టిన జాంబీ తల పగలగొట్టకుండా, శవాన్ని కాల్చకుండా వదిలేస్తే అది తర్వాత ఎర్రటి ముఖంతో లేచి పరుగెత్తుకుంటూ వస్తుంది. కాల్చాలంటే కిరోసిన్ సీసా, లైటర్ వెంట ఉండాలి. జిల్‌కు ఉన్న ఎనిమిది గడుల్లో రెండు వాటికే పోతాయి. సీసా నింపితే రెండు శవాలకే సరిపోతుంది.

నేనొకసారి ఒకే నడవాలో మూడింటిని పడగొట్టి రెండింటినే కాల్చాను. మూడోది తలుపు పక్కన బోర్లా పడి ఉంది. ఇక ఆ తలుపు జోలికి వెళ్లకుండా ఆట జరిగే ఆ పాత భవనమంతా చుట్టి తిరిగాను. అక్కడ కదిలేది ఏదీ లేదు. నా దారి మార్చింది నేల మీద పడి ఉన్న ఒక శవం. అదే నాలుగో భాగంలోనైతే చచ్చిన శత్రువు కరిగిపోయి, చిల్లర డబ్బులు వదిలి వెళ్తాడు.

ఆరు తూటాలు:
జాయ్‌స్టిక్ గారూ, నాలుగులో లెక్క లేదని మీతో ఎవరు చెప్పారు? ఆయుధాలు, వస్తువులు గడుల్లో సర్దుకునే ఆ పెట్టెలో షాట్‌గన్‌ను అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా అని నేను గడిపిన గంటలు ఎవరి ఖాతాలో వేయాలి?

స్పెయిన్ పల్లెలోని ఆ మొదటి పోరాటం ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో దూరి తలుపుకు బీరువా అడ్డం పెడతాం. కిటికీలోంచి నిచ్చెన పైకి లేస్తుంది. దాన్ని తోసేలోపు కింద రంపం మోత. తలకు గోనెసంచి తగిలించుకున్నవాడు మెట్లెక్కి వస్తుంటాడు. ఇక తూటాలు అయిపోయాయి అనుకునే సమయానికి చర్చి గంట మోగుతుంది, అందరూ ఆయుధాలు దించి పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతారు. అంత వింత భయం మీ భవనంలో ఎక్కడుంది? గురి పెడితే అడుగు కదపలేం కాబట్టి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి అన్నదే అక్కడి లెక్క. నేను ఆడింది 2007 నాటి పీసీ వెర్షన్. దానికి మౌస్‌తో గురి పెట్టే వీలే లేదు, అంతా కీబోర్డే. అయినా పూర్తి చేశాను, రెండుసార్లు.

పాత్ర భుజం వెనుక నుంచి చూపే కెమెరా సంగతి చెప్పనక్కరలేదు. ఆ తర్వాత వచ్చిన తుపాకీ ఆటల్లో దాన్ని వాడుకోనివి ఎన్ని?

తలుపు చప్పుడు:
మీరిద్దరూ 2019 రీమేక్‌ను పక్కకు నెట్టేస్తున్నారు. 1998 ఆటలో మనల్ని వెంటాడే భారీ రాక్షసుడు మిస్టర్ ఎక్స్ రెండోసారి ఆడేటప్పుడు మాత్రమే కనిపించేవాడు. ఇక్కడ కూలిన హెలికాప్టర్‌ను చేత్తో పక్కకు జరిపి వచ్చినప్పటి నుంచి పోలీస్ స్టేషన్ మన చేతుల్లోంచి జారిపోతుంది. గోడ అవతల బూట్ల చప్పుడు. పైనా, పక్కనా? ఒక్క తలుపు తీయడానికి నిమిషంసేపు చెవులు రిక్కించి నిలబడ్డాను. కిటికీలకు కొట్టే పలకలు కూడా అన్నిటికీ సరిపోవు. జాయ్‌స్టిక్ గారు కోరే లెక్క ఇది కాదా?

రీమేక్ కాబట్టి మార్కులు తగ్గించాలనే వాదన మాత్రం తేకండి. గడియారపు గోపురాన్ని కోసేసిన మూడో భాగం రీమేక్‌కు తగ్గించండి, ఒప్పుకుంటాను.

పాత జాయ్‌స్టిక్:
తలుపు చప్పుడు గారూ, అందుకే దాన్ని రెండో స్థానంలో పెట్టాను. ఆ బూట్ల చప్పుడు అలవాటు కావడానికి రెండు గంటలు చాలు. తలుపు పక్కన పడి ఉన్న శవం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఆరు తూటాలు గారూ, నాలుగు గొప్ప ఆట, అందులో నాకు సందేహం లేదు. కానీ మనం ఎక్కువసార్లు చస్తే ఆ ఆట గుట్టుగా తేలికపడుతుంది, తెలుసుగా? శత్రువులను తగ్గిస్తుంది, తూటాలు పెంచుతుంది. 2002 భవనం మనల్ని అలా కనికరించదు. పైగా నాలుగో భాగం కోసం మొదలుపెట్టిన ఒక రూపం దారి మళ్లి 2001లో డెవిల్ మే క్రై అయింది. ఈ సిరీస్ యాక్షన్ వైపు ఒరగడం అప్పుడే మొదలైంది. అదే వాలులో 2009లో అయిదు, 2012లో ఆరు వచ్చాయి.

ఆరు తూటాలు:
పిల్లలు చెడిపోతే తల్లిని కొడతారా? ఆరో భాగంలో నాలుగు కథలూ నాలుగు దిక్కులకు పరుగెడితే అది ఆరు తప్పు.

బేకర్ ఇంటి అతిథి:
నేను 2017లో ఏడో భాగంతో మొదలుపెట్టాను. లూసియానాలో ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర జాక్ బేకర్ ఎదురుగా కట్టేసి ఉన్నప్పుడు ఇన్వెంటరీలో ఎన్ని గడులున్నాయో ఎవరికి గుర్తుంటుంది? భయపెట్టేది ఇల్లు, అందులోని మనుషులు. 2021లో దాని కొనసాగింపుగా వచ్చిన విలేజ్‌లో అందరూ డిమిట్రెస్కు దొరసాని గురించే మాట్లాడుకున్నారు. నాకు నిద్ర పట్టకుండా చేసింది బెనెవియెంటో ఇంటి బొమ్మలు. ఆ ఇంట్లో మన ఆయుధాలన్నీ లాగేసుకుంటారు. తూటాలే లేవు, ఇక లెక్క ఎక్కడిది?

పాత జాయ్‌స్టిక్:
ఇది కాస్త గట్టిగానే తగిలింది. లెక్క లేకుండా కూడా భయం ఉంటుందని ఒప్పుకుంటాను. అయితే ఆ ఇల్లు రెండోసారి ఆడితే ఏముంది? 2002 భవనం నాకు ఆరోసారి కూడా కొత్తగానే ఉంది.

పల్లె, గంట గుర్తు చేశారు కాబట్టి నాలుగును మూడుకు జరుపుతున్నాను. ఏడు నాలుగుకు వెళ్తుంది. నాలుగో భాగం చివర్లో ఆ సైనికుల దీవి భాగం లేకపోయి ఉంటే రెండో స్థానమే ఇచ్చేవాడిని.

ఆరు తూటాలు:
ఆ దీవిలోనే రిజెనరేటర్ల, అంటే తెగిన అవయవాలు మళ్లీ మొలిపించుకునే రాక్షసుల, ఊపిరి వినిపిస్తుంది. మనిషి కనిపించకముందే, ఖాళీ నడవాలో ఆ గురక. ఈ రాత్రి ఆ ప్రయోగశాల ఒక్కటి మళ్లీ ఆడి రండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అప్పుడు మాట్లాడదాం.