అప్‌డేట్: చవక ఆంబర్ ఏల్‌లో తడి అట్టపెట్టె రుచి, కారణం దొరికింది

కొలరాడోలో మా ఊరి చవక ఆంబర్ ఏల్‌ని (రాగి రంగులో ఉండే ఒక రకం బీరు) అందరూ మెచ్చుకుంటుంటే నాకు మాత్రం తడి అట్టపెట్టె రుచి ఎందుకొస్తోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. క్యాన్ అడుగున తేదీ చూడమన్న సలహానే పనిచేసింది. అది షాపులో ఫ్రిజ్ బయట పేర్చిన పాత స్టాక్. ఆక్సిజన్ తగిలి పాతబడ్డ బీరు రుచి ఇలాగే ఉంటుందని, వేడికి ఇంకా త్వరగా పాడవుతుందని బ్రూవరీలో చెప్పారు. అక్కడే తాజాది తాగాను. కారమెల్, కాల్చిన బ్రెడ్ రుచి, చివర్లో కొంచెం చేదు. ఆ రంగు, ఆ తీపి క్రిస్టల్ మాల్ట్ (మొలకెత్తించి, వేయించిన బార్లీ) వల్లేనట. గ్లాసుకి సబ్బు అంటిందేమో, క్యాన్ రేకు రుచేమో అన్న అనుమానాలకు దీనితో సంబంధం లేదు. మరీ చల్లగా తాగొద్దన్నది మంచి మాటే, కానీ పాత క్యాన్‌కి అదీ పనిచేయలేదు. గొప్ప బీరేం కాదు గానీ ఆ ధరకి, ఉల్లి పకోడీతో, నాకు చాలు.