‘ఏకాయనో మగ్గో’ అంటే ఇంకో దారి లేదనా? కూర్చోలేని మా అమ్మకి దారి ఎక్కడ?

వంశధార ఒడ్డు (గార)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం. ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారని రాస్తున్నాను.

మొన్న బుద్ధ పూర్ణిమకి మేం ఐదుగురం శాలిహుండం కొండెక్కాం. ఎండ ముదరక ముందే పైకి చేరి, ఇటుక స్తూపాల పక్కన కూర్చుని వంశధార వైపు చూస్తుంటే ప్రాణం కుదుటపడింది. దిగేటప్పుడు మాట మొదలైంది. మాలో ఒకతను పదేళ్లుగా విపశ్యన (ఒంట్లో పుట్టి పోయేవాటిని గమనించే ధ్యానం) చేస్తున్నాడు. “దారి ఒకటే. సతిపట్ఠాన సుత్తం అనే బోధలో బుద్ధుడే ‘ఏకాయనో అయం భిక్ఖవే మగ్గో’, అంటే భిక్షువులారా దారి ఇదొక్కటే, అన్నాడు. మిగతావన్నీ పుణ్యకార్యాలు, అంతే” అన్నాడు. ఆటో ఇంటి దగ్గర ఆగేవరకూ అదే వాదన.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్తాను. రెండేళ్ల కిందట నేను కూడా పదిరోజుల శిబిరానికి వెళ్లాను. మొదటి మూడు రోజులు ఊపిరి, నాలుగో రోజు నుంచి ఒంటి మీద పుట్టి పోయే సంవేదనలు. ఐదో రోజు మధ్యాహ్నం మోకాలి నొప్పి గట్టి ముద్దలా ఉన్నది కాస్తా విడివిడిగా చెదిరి, చిన్న చిన్న చుక్కల్లా వచ్చి పోవడం స్పష్టంగా చూశాను. ఆరో రోజు ఇంటి నుంచి కబురు. అమ్మ పెరట్లో జారిపడింది, తుంటి విరిగింది. వచ్చేశాను. “మారుడు నిన్ను వెనక్కి లాగేశాడు” అన్నాడు ఆ మిత్రుడు. మారుడంటే సాధనని చెడగొట్టేవాడు. అది ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. నేల మీద కూర్చోలేదు. మతిమరుపు మొదలైంది. ‘బుద్ధం శరణం గచ్ఛామి’ అంటూ మూడు శరణాలు చెప్పించబోతే రెండో దాని దగ్గరే ఆగి నా మొహం చూస్తుంది. కానీ సాయంత్రం అరుగు మీద కుర్చీ వేస్తే, చేటలో బియ్యం పోయించుకుని రాళ్లు ఏరుతుంది. ఇప్పటి సంచి బియ్యంలో రాళ్లేం ఉండవు. అయినా ఒక్కో గింజనీ బొటనవేలితో పక్కకి జరుపుతూ వెతుకుతుంది. ఆ అరగంట ఆమె మొహంలో ఏ దిగులూ ఉండదు.

నా ప్రశ్న ఒకటే. కళ్లు మూసుకుని గంటసేపు కదలకుండా కూర్చోగలిగినవాళ్లకేనా బుద్ధుడు చూపించిన దారి?

చీపురుపల్లి సాధకుడు

అన్నగారూ, ముందు ఆ మారుడి మాట గురించి. మీ మిత్రుడు అలా అనకూడదు. మంగళ సుత్తంలో చెప్పిన 38 మంగళాల్లో ‘మాతాపితు ఉపట్ఠానం’, అంటే అమ్మానాన్నల సేవ, ఒకటి. మీరు ధర్మాన్ని వదిలి రాలేదు.

కానీ అసలు విషయంలో నేను ఆయన పక్షమే. జ్ఞానోదయానికి ముందు సిద్ధార్థుడు ఆళార కాలాముడి దగ్గర, ఉద్దక రామపుత్రుడి దగ్గర చాలా లోతైన సమాధి స్థితులు నేర్చుకున్నాడు. ఇది దుఃఖ నివృత్తి కాదని తెలుసుకుని ఇద్దరినీ వదిలి వెళ్లాడు. మీ అమ్మగారి మొహంలో కనిపించే ప్రశాంతత నిజమే కావచ్చు. ప్రశాంతత విముక్తి కాదు. పుట్టిందల్లా పోతుందని తన ఒంటి మీద తాను చూసుకోకపోతే అలవాట్ల వేరు తెగదు. అందుకే దారి ఒకటే అంటున్నాం, అహంకారంతో కాదు. 1969లో గోయెంకా గారు బర్మా నుంచి మన దేశానికి వచ్చి ఫీజు లేకుండా నేర్పించడం మొదలుపెట్టారు కాబట్టే నాలాంటి చిన్న ఉద్యోగికి కూడా ఇది అందింది. పన్నెండేళ్లుగా రోజుకి రెండు గంటలు కూర్చుంటున్నాను. నా కోపానికి మా ఇంట్లో పిల్లలు దాక్కునేవారు. ఇప్పుడు దాక్కోరు.

పలాస నర్సమ్మ

నేను డయాలసిస్ యూనిట్‌లో పని చేస్తాను. ఉద్దానం ఊళ్ల కిడ్నీ జబ్బుల సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, చేతిలో రెండు సూదులు. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసిన చేతులు. సూది గుచ్చేముందు నేను ఒక్క ఊపిరి ఆగుతాను. లోపలికి పీల్చేటప్పుడు ఆ మనిషి భయాన్ని నేను తీసుకుంటున్నట్టు, వదిలేటప్పుడు నాకున్న నెమ్మదిని ఇస్తున్నట్టు. దీన్ని టాంగ్లెన్ అంటారు. మాకు దగ్గర్లోనే, ఒడిశా వైపు, చంద్రగిరి టిబెటన్ల దగ్గర నేర్చుకున్నాను. అక్కడి పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. మన జిల్లా నుంచి ఎంతోమంది చూడ్డానికి వెళ్తారు, కూర్చుని అడిగేవాళ్లు తక్కువ.

సాధకుడు గారూ, ‘నా దుఃఖం, నా విముక్తి’ అని మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. పన్నెండు పడకల మధ్య నిలబడి నాది ఏది, వాళ్లది ఏది అని ఎలా విడదీయను? అందరి కోసం బుద్ధత్వం కోరుకోవడమే బోధిసత్వుల దారి అని చెప్తే నాకు ఊపిరి ఆడింది.

వంశధార అన్నయ్యా, శాలిహుండంలో తార అనే బౌద్ధ దేవత విగ్రహం దొరికిందని మీకు తెలిసే ఉంటుంది. తార కథ టిబెటన్లు ఇలా చెప్తారు. ఆమె పూర్వజన్మలో జ్ఞానచంద్ర అనే రాజకుమార్తె. వచ్చే జన్మలో మగపుట్టుక కోరుకో, అప్పుడే పని సులువు అని భిక్షువులు సలహా ఇచ్చారట. ఆడరూపంలోనే బుద్ధత్వం సాధిస్తానని ఆమె ప్రతిజ్ఞ చేసింది. ఇలాంటి ఒంటితో కుదరదు అన్నవాళ్లకి ఆమె ఇచ్చిన జవాబు అది. మీ అమ్మ తలుచుకోదగిన జవాబు.

చీపురుపల్లి సాధకుడు

అమ్మా, మీ పనికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ తార, ప్రతిజ్ఞ, ఇవన్నీ బుద్ధుడి తర్వాత వందల ఏళ్లకి వచ్చినవి. పాలి భాషలో ఉన్న పాత బోధల్లో, సుత్తాల్లో, లేవు. బాగున్న ప్రతిదాన్నీ బుద్ధుడి దారి అనేస్తే చివరికి దారి అన్న మాటకి అర్థం ఉండదు. పరినిర్వాణానికి ముందు చిట్టచివరి శిష్యుడు సుభద్దుడికి ఏం చెప్పాడు? అష్టాంగ మార్గం ఉన్నచోటే నిజమైన శ్రమణులు, అంటే సాధువులు, ఉంటారు అని. ఆ గీత ఆయనే గీశాడు.

బొబ్బిలి మాస్టారు

సాధకుడు గారు చెప్పిన గీత నిజం. దాన్ని చెరపడానికి నేను రావడం లేదు. ‘ఏకాయన’ ఒక్క మాట మీద మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే దాని బరువంతా ఒక ముసలమ్మ మీద పడింది.

మజ్ఝిమ నికాయం అనే సుత్తాల సంపుటిలో మహాసీహనాద సుత్తం ఉంది. అందులో ఎండకి సొమ్మసిల్లిన మనిషి ఒక దారిన వస్తుంటాడు. చూసేవాడు అనుకుంటాడు: ఈ దారి నేరుగా ఆ నిప్పుల గుంటకే పోతుంది, ఇతను అందులోనే పడతాడు. ఆ దారికి కూడా వాడిన మాట ‘ఏకాయన’. నిప్పుల గుంటకి పోవడానికి లోకంలో అదొక్కటే దారని అక్కడ అర్థం తీయలేం కదా! పక్కకి చీలకుండా ఒకేచోటికి చేర్చేది అని అర్థం. పాత వ్యాఖ్యానం, అట్ఠకథ, కూడా ఈ మాటకి ఒక్క అర్థంతో సరిపెట్టలేదు, నాలుగైదు ఇచ్చింది. సతిపట్ఠానం నేరుగా తీసుకెళ్తుంది అన్నది దాని గొప్పతనం. తక్కిన వాళ్లకి తలుపులు మూసేయడం ఆ మాటలో లేదు.

ఇక దారులు ఎన్ని? అంగుత్తర నికాయం అనే మరో సంపుటిలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడు కోసంబి నగరంలో చెప్పినది చూడండి. నా దగ్గరికి వచ్చి అర్హతుడినయ్యానని, అంటే పూర్తిగా విముక్తి పొందానని, చెప్పిన భిక్షువైనా, భిక్షుణి అయినా నాలుగు తీరుల్లో ఏదో ఒకదానితోనే చేరారు అంటాడు. కొందరికి ముందు సమథం, అంటే మనసు నిలపడం, తర్వాత విపశ్యన. కొందరికి ముందు విపశ్యన. కొందరికి రెండూ కాడికి కట్టిన ఎడ్లలా జతగా. నాలుగోది నాకు చాలా ఇష్టం: ధర్మం గురించిన కలవరంతో మనసు అల్లాడిపోతున్నవాడు. ఒకనాటికి ఆ మనసు తనంత తానే లోపల నిలబడి, దారి పుడుతుంది. వంశధార గారూ, ఆటోలో వాదించి ఇంటికొచ్చి నిద్రపట్టక ఇది రాశారే, మీలాంటి వాళ్లని ఆనందుడు లెక్కలోంచి తీసేయలేదు.

ఈ తగువు కూడా కొత్తది కాదు. ధ్యానం చేసేవాళ్లు ధర్మం చదివేవాళ్లని, చదివేవాళ్లు ధ్యానులని ఎత్తిపొడుచుకుంటుంటే మహాచుందుడు అనే భిక్షువు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒకరినొకరు మెచ్చుకోవడం నేర్చుకోండి అన్నాడు. ఇద్దరిలాంటి వాళ్లూ లోకంలో అరుదే అన్నాడు.

నా సంగతి చెప్తాను. నేను చదివేవాణ్ణి. కోసంబిలోనే నారదుడనే భిక్షువు అంటాడు, నిబ్బానమంటే (నిర్వాణమంటే) ఏమిటో నాకు సరిగ్గా తెలుసు, కానీ నేను అర్హతుణ్ణి కాను అని. దానికి అతను చెప్పిన పోలిక ఇది: ఎడారి దారిలో బావి ఉంది, తాడూ లేదు, చేదా లేదు. దాహంతో వచ్చినవాడు తొంగి చూస్తాడు. నీళ్లు కనిపిస్తాయి, ఒంటికి తగలవు. ముప్పై ఏళ్లుగా నేను ఆ బావి గట్టు మీద ఉన్నాను. అందుకే సాధకుడు గారి రెండు గంటల మీద నాకు చాలా గౌరవం.

నీలి జెండా (టెక్కలి)

మాస్టారూ, మీ బావి దగ్గర నన్ను కాస్త ఆగనివ్వండి.

నారదుడికి తాడూ చేదా లేవు. మా తాతకి రెండూ ఉన్నాయి. బావినే ముట్టుకోనివ్వలేదు. కడవ గట్టు కింద పెట్టి, ఎవరో ఒకరు వచ్చి పోసేవరకు ఎండలో నిలబడేవాడు. ఇది నేను చదివింది కాదు, మా నాయన నోట విన్నది. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్ చెరువులో దిగి నీళ్లు తాగాడంటే మా ఇంట్లో ఇప్పటికీ అది పండగ మాట. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన దీక్ష తీసుకున్నప్పుడు వెంట లక్షలమంది ఉన్నారు. వాళ్లలో ఎంతమంది ధ్యానానికి కూర్చోగలరని ఆయన అడగలేదు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పుస్తకం ముందుమాటలో ఆయన వేసిన ప్రశ్న వేరు: భిక్షువు తన పరిపూర్ణత చూసుకునే మనిషా, లేక సమాజ సేవకుడా?

కొన్ని దుఃఖాలు శ్వాస చూస్తే పోవు. ఇంకొకడు పెట్టిన దుఃఖం అది. దాన్ని తీసేయడం కూడా దారిలో భాగమే అని నేను నమ్ముతాను.

చీపురుపల్లి సాధకుడు

తమ్ముడూ, మీ తాతగారి కడవ దగ్గర నాకు మాట రాలేదు. రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయినా ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. బావి మనదయ్యాక, కడుపు నిండా తాగాక కూడా మిగిలిపోయే దాహం ఒకటి ఉంటుంది. పాలిలో తణ్హా అంటే దాహమే. బుద్ధుడు దుఃఖానికి మూలం దాన్నే అన్నాడు. కోపంతో మా ఇంటిని నరకం చేసిన రోజుల్లో నన్నెవరూ బావి దగ్గర ఆపలేదు. అన్నీ ఉన్నాయి. సేవనే నిర్వాణం అనేస్తే ఆ రెండో దాహానికి మందు చెప్పేవాళ్లు ఉండరని నా భయం.

నీలి జెండా (టెక్కలి)

అన్నా, ఆ దాహం లేదని నేను అనను. ముందు గొంతు తడవాలి కదా అంటున్నాను. ధమ్మపదం 203వ గాథ వెనక కథ మీకు తెలుసు. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దు కోసం పొద్దంతా తిరిగి ఆకలితో వస్తాడు. బుద్ధుడు బోధ ఆపి అతని కోసం కాచుకుని, ముందు అన్నం పెట్టించాడు. తర్వాతే ధర్మం చెప్పాడు. ఆకలిని మించిన రోగం లేదు అన్న గాథ అక్కడిదే. వినగానే ఆ రైతు స్రోతాపన్నుడయ్యాడు, అంటే విముక్తి దారిలో మొదటి మెట్టు ఎక్కాడు. అన్నం పెట్టడం వేరు, దారి వేరు అని ఆయన విడదీయలేదు.

పలాస నర్సమ్మ

ఆ కథ నాకు తెలియదు. థాంక్స్ తమ్ముడూ. రేపు డ్యూటీలో చెప్పుకుంటాం.

అమ్మ చేట గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు చూళపంథకుడు అనే భిక్షువు గుర్తొచ్చాడు. నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదని సొంత అన్నే విహారం నుంచి పొమ్మన్నాడు. బుద్ధుడు అతనికి గాథ ఇవ్వలేదు. తెల్లటి గుడ్డ ముక్క ఇచ్చి, చేత్తో రుద్దుతూ ‘రజోహరణం’, అంటే మురికి పోగొట్టేది, అనుకోమన్నాడు. అంతే. అతను అర్హతుడయ్యాడు. గాథ నిలవని మనసుకి కూడా చెయ్యి ఉంది కదా.

చీపురుపల్లి సాధకుడు

నేనూ ఆ కథే రాద్దామనుకున్నాను, కానీ నా వైపు నుంచి. గుడ్డ రుద్దడం వల్ల అతను చేరలేదమ్మా. తెల్లగా ఉన్న గుడ్డ తన చేతి చెమటకే మాసిపోవడం చూశాడు. ఉన్నది ఉన్నట్టు ఉండదని అక్కడ తెలిసింది. గుడ్డ దారి కాదు, చూడడం దారి.

బొబ్బిలి మాస్టారు

మీరు చెప్పింది సబబు. అయితే ఎవరి చేతికి ఏ గుడ్డ ఇవ్వాలో తెలిసినవాడు గురువు. మనం అందరికీ ఒకే గుడ్డ ఇచ్చి, అది మాసిపోకపోతే వాళ్లదే తప్పంటున్నాం. వంశధార గారికి ఒక కొలత ఇస్తాను, బుద్ధుడు తనను పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమికి చెప్పింది. రాగం పెరిగితే అది ధర్మం కాదు, తగ్గితే ధర్మం. బంధం బిగిస్తే కాదు, వదులు చేస్తే అవును. ఇలా ఎనిమిది చెప్పాడు. మీ అమ్మగారిని ఆ కొలతతో చూడండి.

వంశధార ఒడ్డు (గార)

అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. మాస్టారు చెప్పిన కొలత పట్టుకుని వారం రోజులు అమ్మ పక్కన కూర్చున్నాను.

ఇన్నాళ్లూ నేను చూడనిది ఒకటి కనిపించింది. ఏరడం అయ్యాక పిడికెడు బియ్యం అరుగు చివర చల్లుతుంది. పిచ్చుకలు వస్తాయి. నిన్న కాకి వచ్చి వాటిని తరిమేసింది. జారిపడక ముందు అయితే కర్ర తీసేది. నిన్న కాకి వైపు చూసి, “దానికీ ఆకలే కదరా” అంది. ఇది విపశ్యనా, మైత్రీనా, వయసు తెచ్చిన మెతకదనమా, నేను తేల్చలేను. బిగిసింది మాత్రం కాదు, వదులైంది.

సాధకుడు గారూ, మీ అభ్యంతరం కొట్టిపారేయలేదు. ఆ ఐదో రోజు మోకాలి నొప్పి చెదిరిపోవడం నేను చూశాను కాబట్టి, అమ్మ చేటలో అది ఉందో లేదో నాకూ సందేహమే. అమ్మ పక్కన కూర్చుని నేను మళ్లీ మొదలుపెట్టాను, పొద్దున్న ఇరవై నిమిషాలు. అంతకంటే కుదరడం లేదు. మారుడు అన్న మిత్రుడికి కూడా ఈ థ్రెడ్ పంపించాను. ఇంకా ఏమీ అనలేదు.

చీపురుపల్లి సాధకుడు

ఇరవై నిమిషాలు చాలు, ఆపకండి. అమ్మగారికి కుర్చీలోనే ఆనాపానం, అంటే ఊపిరిని గమనించడం, చెప్పవచ్చు. కళ్లు మూసుకోవాల్సిన పని లేదు, ముక్కు కింద గాలి తగలడం గమనిస్తే చాలు. గుర్తున్నంత సేపే. నా మాట నేను మార్చుకోలేదు, దారి ఒకటే అంటాను. ఆదివారం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగుతాను. అక్కడి నుంచి గారకి ఏ బస్సు ఎక్కాలో చెప్పండి.

వంశధార ఒడ్డు (గార)

కళింగపట్నం బస్సు ఎక్కండి. నేను గారలో స్టాప్ దగ్గరే ఉంటాను. సాయంత్రం నాలుగు దాటాక రండి, అప్పటికి అమ్మ అరుగు మీదికి వస్తుంది.